గేటు ఎదుటి నూడిల్స్ బండి – మన పళ్ళెంలోని ఆరోగ్యం



సాయంత్రం ఆరు దాటితే మన ఆసుపత్రి గేటు ఎదుట చైనీస్ ఫాస్ట్‌ఫుడ్ బండి వెలుగుతుంది. గ్యాస్ పొయ్యి భగ్గున మండుతుంది. ఇనప బాణలి మీద గరిటె టకటకమని మోగుతుంది. వెల్లుల్లి, సోయా సాస్ కలిసిన వాసన గాలివాటున మేల్ మెడికల్ వార్డు కిటికీల దాకా వస్తుంది. విజిటింగ్ టైము ముగిసే వేళకు కవర్లలో పార్సిళ్ళు లోపలికి రావడం మొదలవుతుంది. సింగిల్ ఎగ్ ఫ్రైడ్ రైస్, డబుల్ ఎగ్ నూడిల్స్, గోబీ మంచూరియా... ఈ పేర్లన్నీ మా వాచ్‌మన్‌కు కూడా కంఠస్థమే.

ఈ బండి గురించి రాయాలని మాకు ఒక పెద్దాయన వల్ల అనిపించింది. ఆయన గుండె బలహీనపడి, కాళ్ళకు నీరు పట్టి మా దగ్గర చేరారు. మందులతో నీరు దిగింది, ఆయాసం తగ్గింది. రేపో మాపో డిశ్చార్జి అనుకుంటుండగా ఒక తెల్లవారుజామున మళ్ళీ ఆయాసం మొదలైంది. పడుకోలేక మంచం మీద కూర్చుని ఊపిరి కోసం తంటాలు పడుతున్నారు. బరువు చూస్తే పెరిగింది. ఆక్సిజన్ పెట్టి, నీరు దిగే ఇంజెక్షను ఇచ్చాక గాని కుదుటపడలేదు. మంచం కింద చూస్తే రెండు ఖాళీ నూడిల్స్ డబ్బాలు. ఉప్పు లేని ఆసుపత్రి భోజనం సహించడం లేదని కొడుకు వరుసగా రెండు రాత్రులు పార్సిల్ తెచ్చి పెట్టాడట.

సహజంగానే మేము కోప్పడ్డాం. "తాతగారూ, ప్రాణం మీదకు తెచ్చుకున్నారు గదా, బయటి తిండి వద్దని చెప్పామా లేదా?" అని అడిగాం. ఆయన కాసేపు ఊరుకుని, "సిస్టరమ్మా, మొన్న రాత్రి మీ రూములోంచి కూడా అదే వాసన వచ్చిందే!" అన్నారు.

మాకు నోట మాట రాలేదు. ఆయన అన్నది నిజమే. నైట్ డ్యూటీ సిస్టర్లు ఆకలేసినప్పుడు తెప్పించుకునేది ఆ బండి దగ్గరే. అందుచేత ఆ బండి తిండి పాపమన్నట్టు ఈ పేజీలో రాసే అర్హత మాకు లేదు. తక్కువ డబ్బుతో, వేడివేడిగా, ఇంటి దగ్గరే దొరికే తిండి అది. పనికి వెళ్ళి ఆలస్యంగా ఇంటికి చేరే తల్లికి, హాస్టల్ పిల్లలకు, రోగి పక్కన కాపలా ఉండే బంధువులకు అది నిజంగా ఆసరా. కాబట్టి ఏది ఎవరికి మంచిది కాదో, ఎలా అడిగి తీసుకోవాలో, తెచ్చాక ఎలా తినాలో మాత్రమే ఇక్కడ చెబుతాం.

చైనా పేరు, మన ఊరి రుచి

మనం చైనీస్ అని పిలిచే ఈ తిండిలో చాలా భాగం మన దేశంలోనే పుట్టింది. కలకత్తాలో చైనీయులు 18వ శతాబ్దం చివరి నుంచి స్థిరపడుతూ వచ్చారు. వారిలో హక్కా జాతివారు టాంగ్రా ప్రాంతంలో తోళ్ళు శుద్ధి చేసే పరిశ్రమలు నడిపారు, తరువాత హోటళ్ళు పెట్టారు. మన నాలుకకు తగినట్టుగా పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి దండిగా చేర్చారు. చికెన్ మంచూరియన్‌ను 1975లో ముంబయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో నెల్సన్ వాంగ్ అనే వంటవాడు మొదట తయారు చేశారని చెబుతారు. ఆయన కూడా కలకత్తాలో పుట్టిన చైనా సంతతివారే. గరం మసాలా బదులు సోయా సాస్, కార్న్‌ఫ్లోర్ కలపడం ఆ వంటకంలోని కిటుకు. మనం మంచూరియా అంటున్నది ఆ వంటకాన్నే.

ఈ పద్ధతిలో ఒక మేలుంది. మన కళ్ళ ఎదుటే, పెద్ద మంట మీద, బాగా కాగిన బాణలిలో వండుతారు. పొగలు కక్కుతూ చేతికి వచ్చిన నూడిల్స్, పొద్దున వండి గోరువెచ్చగా పెట్టిన కూరకన్నా సురక్షితమే. ప్రమాదం సాధారణంగా మంట మీద ఉండదు. మంటకు ముందు, మంట తరువాత ఉంటుంది. దీనికి మా కేజువాలిటీలో చూసిన ఒక సంగతి చెబుతాం.

ఒక ఆదివారం ఉదయం

మన సంఘ కుటుంబమే ఒకటి శనివారం రాత్రి నాలుగు ఫ్రైడ్ రైస్ పార్సిళ్ళు తెచ్చుకుంది. నలుగురూ తిన్నా రెండు పొట్లాలు మిగిలాయి. పారేయడానికి మనసొప్పక భోజనాల బల్ల మీద మూతపెట్టి ఉంచారు. తెల్లవారాక గుడికి ఆలస్యమవుతుందని ఆ అన్నమే కాస్త వేడి చేసి ఇద్దరు పిల్లలకు, నాయనమ్మకు పెట్టారు. ఆరాధన సగం కాకముందే పిల్లలు వాంతులు మొదలుపెట్టారు. కాసేపటికి పెద్దావిడ కూడా. అందరినీ మా దగ్గరకు తెచ్చారు. పిల్లలు సాయంత్రానికి తేరుకున్నారు. పెద్దావిడకు షుగరు ఉంది, వయసు డెబ్బై దాటింది. బి.పి. పడిపోయి రాత్రంతా సెలైన్ మీద ఉన్నారు. ఆ రాత్రి మేమూ భయపడ్డాం.

పిల్లల తండ్రి కోపంతో ఊగిపోయాడు. "ఆ బండి తిరగేసి వస్తాను" అని లేచాడు. మేము ఒక్క ప్రశ్న అడిగాం. "అయ్యా, రాత్రి అదే అన్నం మీరు నలుగురూ తిన్నారు గదా, రాత్రి ఎవరికైనా వాంతి అయిందా?" కాలేదన్నాడు. నెమ్మదిగా కూర్చున్నాడు.

అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి ఉండే అవకాశం ఉంది. ఇది నేలలోనే ఉంటుంది, బియ్యంతో పాటు వస్తుంది. దీని బీజాలు గట్టి తొడుగు కట్టుకుని ఉండటం వల్ల అన్నం ఉడికినా చావవు. ఉడికిన అన్నాన్ని గంటల తరబడి బయట ఉంచితే ఆ బీజాలు మొలకెత్తి, పెరిగి, విషాన్ని విడుదల చేస్తాయి. వాంతులు కలిగించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా విరగదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల లోపల వాంతులు మొదలవుతాయి. ఇదే జీవి వల్ల వచ్చే విరేచనాల రకం ఆరు నుంచి పదిహేను గంటల తరువాత కనబడుతుంది. వేయించిన అన్నంతో ఇది తరచు కనబడటం వల్ల దీనికి ఫ్రైడ్ రైస్ జబ్బు అనే పేరు కూడా వచ్చింది.

ఆ రోజు తప్పు పూర్తిగా ఇంటివారిదా, బండివాడిదా? మేము తేల్చి చెప్పలేం. బండి దగ్గర కూడా మధ్యాహ్నం వండిన అన్నం రాత్రి వరకు బేసినులో ఉంటుంది. అది ఆరు గంటలు, ఇంటి బల్ల మీద మరో పది గంటలు. రెండూ కలిశాయి.

రెండు రోజుల తరువాత బండి నడిపే అబ్బాయి మా ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తన తిండి తిని ముగ్గురు ఆసుపత్రిలో పడ్డారని విన్నాడట. ముఖంలో రక్తం లేదు. "అమ్మగారూ, పెద్దావిడ ఎలా ఉన్నారు? పోలీసులు వస్తారా?" అని అడిగాడు. పెద్దావిడ ఇంటికి వెళ్ళిపోయారని చెప్పి కూర్చోబెట్టాం. అన్నం ఎప్పుడు వండుతావని అడిగితే, ఒంటి గంటకు ఒకేసారి వండుతానన్నాడు. వేడి అన్నం గరిటెకు ముద్దవుతుందట, చల్లారితేనే పొడిపొడిగా వేగుతుందట. రెండుసార్లు వండితే గ్యాసు ఖర్చు, మిగిలితే పారేయాలి. "మిగిలింది పారేస్తే ఆ రోజు నా కూలి పోయినట్టే అమ్మగారూ" అన్నాడు.

ఆ మాట నిజమే. అందుకే అతని పని దెబ్బతినకుండా ఉండే దారి వెతికాం. అన్నం చల్లారడానికి గంటలు అక్కరలేదు. వెడల్పాటి పళ్ళేల్లో పలుచగా పరచి, ఫ్యాను కింద పెడితే త్వరగా చల్లారి పొడిపొడిగా అవుతుంది. అలా సాయంత్రం ఐదింటికి సగం, ఎనిమిదింటికి గిరాకీ చూసుకుని మిగతా సగం వండమన్నాం. మరుసటి రోజుకు మాత్రం ఏదీ దాచవద్దన్నాం. ఇప్పుడు అతను అలాగే చేస్తున్నాడు. బండి కింద రెండో కుక్కరు మీరే చూడవచ్చు.

టేస్టింగ్ సాల్ట్ సంగతి

మమ్మల్ని ఎక్కువమంది అడిగే ప్రశ్న అజినోమోటో గురించి. 1908లో జపాను శాస్త్రజ్ఞుడు కికునే ఇకెడా సముద్రపు నాచు పులుసులోని రుచికి కారణం గ్లుటమేట్ అని కనుగొన్నారు. అదే మోనోసోడియం గ్లుటమేట్‌గా బజారులోకి వచ్చింది. టమాటాలో, పాత చీజ్‌లో కూడా గ్లుటమేట్ సహజంగా ఉంటుంది. 1968లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన ఉత్తరంతో, చైనా హోటల్లో తింటే మెడ తిమ్మిరి, గుండె దడ వస్తాయనే భయం పుట్టింది. తరువాత, తిన్నది ఏదో తెలియకుండా పెట్టి పరీక్షించినప్పుడు ఆ భయం నిలబడలేదు. ఒట్టి కడుపున చాలా ఎక్కువ మోతాదు తీసుకున్న కొద్దిమందికి కాసేపు తలనొప్పి వంటివి కనబడ్డాయి, అంతే. మీకు పడదని మీ అనుభవంలో తేలితే మానేయండి. ఏడాది లోపు బిడ్డలకు మాత్రం పెట్టకూడదు.

అసలు జాగ్రత్త పడవలసింది మొత్తం ఉప్పు విషయంలో. పెద్దవారికి రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక చిన్న చెంచా, అందులో సోడియం సుమారు 2,000 మిల్లీగ్రాములు. ఒక్క పెద్ద చెంచా సోయా సాస్‌లోనే దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. దానిపైన మామూలు ఉప్పు, టేస్టింగ్ సాల్ట్, చిల్లీ సాస్, టమాటా సాస్. ఒక ప్లేటుతోనే రోజంతటి లెక్క పూర్తయి, ఇంకా మించిపోవచ్చు. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నీటిని తోయలేని గుండె, వడపోయలేని మూత్రపిండాలు ఉన్నవారికి అది ఆయాసంగా, వాపుగా బయటపడుతుంది. మన పెద్దాయన విషయంలో జరిగింది ఇదే.

రంగు, నూనె, పొట్లం

గోబీ మంచూరియా ఎర్రగా మెరిస్తేనే బాగుంటుందని మనం అనుకుంటాం గనుక వారు రంగు వేస్తారు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు కలపడాన్ని నిషేధించింది. అదే ఉత్తర్వులో పీచుమిఠాయి రంగు గురించి కూడా చెప్పారు. బట్టలకు వాడే రోడమిన్-బి అనే రంగు కొన్ని పీచుమిఠాయి నమూనాలలో దొరికింది. తిన్నాక సబ్బుతో కడిగినా వేళ్ళకు ఎరుపు పోకపోతే ఆ చోట మళ్ళీ కొనకండి. రంగు లేని మంచూరియా గోధుమ రంగులో ఉంటుంది, రుచి ఏమీ తగ్గదు.

నూనెను పదేపదే కాచితే అది చెడుతుంది. చెడిన నూనెను కొలిచే పరిమితిని మన దేశ ఆహార భద్రతా సంస్థ 2018 జూలై 1 నుంచి అమలులోకి తెచ్చింది. మన దగ్గర యంత్రం లేకపోయినా కళ్ళున్నాయి. నూనె నల్లబడి, జిగటగా మారి, నురగ కడుతూ, ముక్కు మండే పొగ వస్తుంటే ఆ రోజు మంచూరియా వద్దు, నూడిల్స్ చాలు.

పైన చల్లే పచ్చి ఉల్లిపాయ, క్యాబేజీ మంట చూడనివి. ఎప్పుడు తరిగారో, ఏ నీళ్ళతో కడిగారో తెలియకపోతే వద్దనండి. వేడి తిండిని పలుచని ప్లాస్టిక్ కవరులో పోయించుకోవద్దు. అచ్చు కాగితంలో చుట్టించుకోవద్దు, సిరా తిండికి అంటుతుంది. మన అమ్మమ్మల కాలపు స్టీలు క్యారియరు తీసుకెళ్ళండి. బండివాడికి డబ్బా ఖర్చు తప్పుతుంది, మీకు రెండు ముక్కలు ఎక్కువే వేస్తాడు.

ఆర్డరు ఇచ్చేటప్పుడు

బండి దగ్గర ఉన్న గొప్ప సౌకర్యం, వండేవాడితో నేరుగా మాట్లాడగలగడం. మొహమాటపడకండి. ఇలా చెప్పండి: "బాబూ, సోయా సాస్ సగం వెయ్యి, టేస్టింగ్ సాల్ట్ వద్దు, రంగు వద్దు, క్యారెట్టు, బీన్సు ఎక్కువ వెయ్యి, గుడ్డు బాగా వేగనివ్వు."

బి.పి. ఉన్నవారు అప్పుడప్పుడు, సగం ప్లేటు మాత్రమే తినాలి. ఆ రోజు ఇంట్లో పచ్చడి, అప్పడం మానాలి. షుగరు ఉన్నవారు ఫ్రైడ్ రైస్, నూడిల్స్, మంచూరియా మూడూ కలిపి తీసుకోకూడదు. మూడింటిలోనూ పిండి పదార్థమే. సగం ప్లేటు రైసుతో ఒక ఆమ్లెట్టు, ఇంటి దగ్గర దోసకాయ ముక్కలు మేలు. గుండె, మూత్రపిండాల జబ్బుతో మందులు వాడుతున్నవారు డాక్టరు గారిని అడగకుండా ముట్టవద్దు. సోయా, గోధుమ పడనివారు గుర్తుంచుకోండి, సోయా సాస్‌లో సాధారణంగా రెండూ ఉంటాయి. గర్భిణీ స్త్రీలు సగం ఉడికిన గుడ్డు, పచ్చి గుడ్డుతో చేసిన మయొనైజ్ తినకూడదు. అటువంటి మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఒక సంవత్సరం పాటు నిషేధించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

ఇంటికి తెచ్చాక

తినగలిగినంతే కొనండి. తెచ్చిన వెంటనే తినండి. మిగిలితే రెండు గంటల లోపల, మన ఎండాకాలంలో అయితే ఒక గంట లోపల, వెడల్పాటి గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టి మరునాడు ఒకేసారి పొగలు వచ్చేదాకా వేడి చేసి తినండి. ఫ్రిజ్ లేకపోతే దాచవద్దు. రాత్రంతా బయట ఉన్నదాన్ని ఎంత వేడి చేసినా తినవద్దు. అరణ్యంలో తెల్లవారేదాకా దాచుకున్న మన్నా ఏమైందో మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ముందుగా ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు దానిపై రాసిన కొలత ప్రకారం కాచి చల్లార్చిన నీటిలో కలిపి, చెంచా చెంచాగా తాగించండి. ప్యాకెట్టు లేకపోతే ఒక లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి వేసి కలపండి. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపవద్దు. తాగింది నిలవకపోయినా, మూత్రం రాకపోయినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం పడినా, జ్వరం ఎక్కువైనా ఆలస్యం చేయకుండా తీసుకురండి. చిన్నపిల్లలు, ముసలివారు, షుగరువారి విషయంలో ఇంట్లో కూర్చుని ఎదురుచూడవద్దు.

ముందుగా మేమే

పెద్దాయన అన్న మాట మమ్మల్ని ఊరుకోనివ్వలేదు. వార్డులోకి ఏ పార్సిల్ వచ్చినా ముందుగా డ్యూటీ సిస్టరుకు చూపించమని ఇప్పుడు బంధువులను అడుగుతున్నాం. తిట్టడానికి కాదు, ఆ రోగికి అది పడుతుందో లేదో చెప్పడానికి. నైట్ డ్యూటీ సిస్టర్లు తెప్పించుకుంటే వార్డు పక్కన తినకుండా, దూరంగా ఉన్న డైనింగ్ రూములో తినాలని మాకు మేమే నియమం పెట్టుకున్నాం. ఉప్పు లేని పథ్యం తినే మనిషి ముక్కు దగ్గర సోయా సాస్ వాసన పెట్టి, ఓర్చుకోమని చెప్పడం న్యాయం కాదు గదా.

మా వంటశాల తల్లులు ఇంకొక మంచి పని చేశారు. వెల్లుల్లి, ఉల్లికాడలు, క్యారెట్టు, మిరియాల పొడి, చివర కాస్త నిమ్మరసంతో ఉప్పు వేయని కూరగాయల ఫ్రైడ్ రైస్ తయారు చేశారు. సోయా సాస్ ఒక్క చుక్క కూడా లేదు. మొదటి పళ్ళెం ఆ పెద్దాయనకే పెట్టాం. ఆయన నాలుగు ముద్దలు తిని, "బండి దాని అంత లేదు గాని, మీ సాంబారు కన్నా నయం" అన్నారు. ఆయన నోట అది పెద్ద మెప్పేనని కొడుకు నవ్వాడు. నాలుగు రోజుల తరువాత ఆయన తన కాళ్ళ మీద తాను నడిచి గేటు దాటారు. బండి దగ్గర ఒక్క క్షణం ఆగారు, చూశారు, ఆటో ఎక్కారు. మేము పై అంతస్తు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాం.

ఆదివారం నాటి ఆ కుటుంబం మళ్ళీ అదే బండి దగ్గర కొంటోంది. ఈసారి పిల్లల తండ్రి చేతిలో స్టీలు క్యారియరు ఉంది. నలుగురికి రెండే ప్లేట్లు చెబుతున్నాడు.

మనకు అనుదినాహారం దయచేసే ప్రభువు, దానిని తెలివితో భుజించే వివేకాన్ని కూడా మీ కుటుంబాలకు అనుగ్రహించును గాక. ఆమేన్.